బియాట్రిస్ షిల్లింగు: మోటారు సైకిలు నుండి రాకెట్టు వరకు

మన పుదుచ్చేరిలో మురుంగపాక్కం మీదుగా కడలూరునకు పోవు రహదారిపై ఉదయము తొమ్మిది గంటల వేళ మోటారు సైకిళ్ళ రద్దీ ఎట్టిదో ఆ ప్రాంతమున కాపురముండు మన ఉద్యోగులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఆ బండ్లను నడపు యువకులలో కొందరికి అది కార్యాలయమునకు చేరు సాధనము మాత్రమే కాదు. అది వారి మనసు దోచిన విద్య. రాళ్ళలోను వాగులలోను కాలు నేల మోపక బండిని నడపు ట్రయల్సు పోటీలను గూర్చి వారు గంటల తరబడి ముచ్చటింతురు. ఆ యువకులే శ్రీహరికోట నుండి రాకెట్టు లేచు దినమున టెలివిజను ఎదుట కదలక కూర్చుందురు. మోటారు సైకిలునకును రాకెట్టునకును ఏమి చుట్టరికమని పెద్దలు నవ్వుట కలదు. చుట్టరికము కలదనియు, అది పైపైది కాదనియు ఒక మహిళ జీవితము చాటుచున్నది. ఆమె పేరు బియాట్రిస్ షిల్లింగు. ఆమె ఇంగ్లండు దేశీయురాలు. ముప్పది మూడు సంవత్సరములు ప్రభుత్వోద్యోగము చేసిన ఇంజనీరు.

ఆ చుట్టరికమేమో ముందుగా చెప్పుకొనుట మంచిది. ఇంజను ఏదైనను దాని ప్రాణము మంటలో నున్నది. ఆ మంటకు ఇంధనము తగు పాళ్ళలో, తగు సమయమున, ఎడతెగక అందవలెను. ఒకచోట నిలిచి పనిచేయు యంత్రమునకు ఇది పెద్ద చిక్కు కాదు. కాని బండి గుట్ట యెక్కి ఒక్కసారిగా పల్లమునకు దూకినను, విమానము ముక్కు వంచి క్రిందికి దిగినను, రాకెట్టు భూమి నుండి లేచి ఆకాశమున ఇంజను ఆపినను, లోనున్న ద్రవము తన త్రోవ తాను పట్టును. నీళ్ళ కడవ నెత్తిన పెట్టుకొని మెట్లు దిగు ఇల్లాలికి తెలిసిన కష్టమే ఇది. కుదుపులకు లోనగు పాత్రలోని ద్రవమును మంటకు ఒక్క తీరుగా అందించుట యెట్లు? షిల్లింగు జీవితమున ముఖ్యమైన ఘట్టము ఈ ప్రశ్నకు ఆమె చెప్పిన సమాధానమే.

బియాట్రిస్ 1909 మార్చి 8వ తేదీన ఇంగ్లండు దక్షిణ భాగమున హాంప్‌షైరు మండలములోని వాటర్లూవిల్ అను ఊరిలో జన్మించెను. తండ్రి మాంసవర్తకుడు. ఈడు పిల్లలు బొమ్మలతో ఆడుకొను వయసున ఆమె తన చేతి డబ్బుతో పనిముట్లును, మెకానో పెట్టెలును కొనెడిది. మెకానో యనగా ఇనుప పట్టీలను మరలతో బిగించి యంత్రముల నమూనాలు కట్టు ఆటసామగ్రి. అట్టి నమూనాల పోటీలో పనిచేయు రాట్నము నొకదానిని కట్టి ఆమె బహుమానము గెలిచెను. రాట్నము ఒకప్పుడు మన యింటింటి వస్తువగుటచే ఈ సంగతి మనకు ముచ్చట గొల్పును. పదునాల్గవ యేట ఆమె రెండు స్ట్రోకుల ఇంజను గల రాయల్ ఎన్‌ఫీల్డు మోటారు సైకిలు నొకదానిని సంపాదించెను. దానిని నడపుటయందు ఎంత సంతోషమో, విప్పి మరల బిగించుటయందును అంత సంతోషము. తాను ఇంజనీరు కావలెనని ఆమె అప్పుడే నిశ్చయించుకొనెను.

రాయల్ ఎన్‌ఫీల్డు అను పేరు మనకు క్రొత్తది కాదు. ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణమున పుట్టిన ఆ సంస్థ 1955లో మన మదరాసుకు చేరినది. మదరాసు మోటార్సు వారితో కలిసి బుల్లెట్టు బండ్లను ఇచ్చట కూర్చుట ఆ యేట ఆరంభమైనది. ఇంగ్లండున ఆ కర్మాగారము మూతపడిన తరువాతను మన దేశమున బుల్లెట్టు తయారగుచునే యున్నది. ఆ బుల్లెట్టు పేరు ప్రతిష్ఠలు ట్రయల్సు రంగమునుండి వచ్చినవను సంగతి మాత్రము అందరికిని తెలియదు. స్కాట్లండులో 1909 నుండి జరుగుచున్న ఆరు దినముల ట్రయల్సు పోటీయందు 1952లో జానీ బ్రిటన్ అను యువకుడు 350 సి.సి. బుల్లెట్టుపై గెలుపొందెను. ఆ పోటీ మొదలైనదియు షిల్లింగు జన్మించినదియు ఒకే సంవత్సరమగుట విశేషము.

ట్రయల్సు పందెము వేగముతో గెలుచునది కాదు. బండరాళ్ళు, బురద, వాగు, నిట్రపు మిట్ట వంటి గడ్డుచోట్లను కాలు క్రింద పెట్టకయు, బండి ఆగకయు దాటవలెను. కాలు మోపిన కొలది తప్పు గుర్తులు పడును. తక్కువ గుర్తులు పడినవాడు విజేత. అచ్చట ఇంజను నెమ్మదిగా, కాని నమ్మకముగా లాగవలెను. బండి మిట్టపై నిట్టనిలువుగా లేచినప్పుడు కార్బురేటరు గిన్నెలోని పెట్రోలు ఒక ప్రక్కకు ఒరగును. గిన్నెలోని ఫ్లోటు, అనగా పెట్రోలుపై తేలుచు మట్టమును కాపాడు బోలు బిళ్ళ, తన లెక్క తప్పును. ఇంజను ఒకప్పుడు దప్పిగొనును, ఒకప్పుడు మునిగిపోవును. ట్రయల్సు నడపువారు ఈ రోగమును ఎరుగుదురు. షిల్లింగు ఎంచుకొన్నది ట్రయల్సు కాదు, వేగపు పందెము. ఐనను కార్బురేటరు గుణదోషములు ఆమెకు మొదట తెలిసినది పుస్తకములలో కాదు, బండిపైననే.

బడి చదువు ముగిసిన పిమ్మట ఆమె మార్గరెట్ పార్ట్రిడ్జి అను మహిళా ఇంజనీరు నడపుచున్న విద్యుత్ సంస్థలో పనికి చేరెను. పల్లెటూళ్ళకు విద్యుద్దీపములు అమర్చుట ఆ సంస్థ వృత్తి. మూడు సంవత్సరములు షిల్లింగు తీగలు లాగుట, జనరేటర్లు నిలుపుట వంటి పనులు చేసెను. ఆమె చురుకుదనమును గమనించిన పార్ట్రిడ్జి ఆమెను విశ్వవిద్యాలయమునకు పొమ్మని ప్రోత్సహించెను. మొదటి ప్రపంచ యుద్ధమున కర్మాగారములలో పనిచేసిన స్త్రీలను యుద్ధము ముగియగనే ఇంటికి పంపివేసిరి. అట్టి తరుణమున, 1919లో, లండనున స్త్రీల ఇంజనీరింగు సంఘము స్థాపితమైనది. పార్ట్రిడ్జి ఆ సంఘపు ప్రముఖులలో నొకరు; తరువాత షిల్లింగును అందు సభ్యురాలయ్యెను. ఒక పెద్ద ఒక చిన్నదాని చేయి పట్టుకొని పైమెట్టు ఎక్కించుట ఎంతటి మేలు చేయునో ఇందువలన తెలియుచున్నది.

మాంచెస్టరు విశ్వవిద్యాలయమున ఆమె విద్యుత్ ఇంజనీరింగు చదివి 1932లో పట్టము పొందెను. ఆ తరగతులలో స్త్రీలు వ్రేళ్ళపై లెక్కింపదగినంతమందియే. ఆ మరుసటి సంవత్సరమే యంత్ర ఇంజనీరింగులో ఎం.ఎస్‌సి. పట్టమును గైకొనెను. దేశమున నిరుద్యోగము ప్రబలియున్న దినములవి. స్త్రీకి ఇంజనీరు ఉద్యోగమిచ్చు సంస్థలు అరుదు. బర్మింగుహాములో ఆచార్య మక్లో వద్ద పరిశోధన సహాయకురాలిగా ఆమెకు పని దొరికెను. ఒంటి సిలిండరు ఇంజనులోనికి గాలిని ఒత్తిడితో నెట్టినచో దాని శక్తి ఎంత పెరుగును, ఆ వేడికి లోహము ఏమగును అనునవి అచ్చటి పరిశోధనాంశములు. గాలిని అట్లు నెట్టు సాధనమునే సూపర్‌ఛార్జరు అందురు. ఆమె పగలు ప్రయోగశాలలో నేర్చినది సెలవు దినములలో తన బండికి ఉపయోగపడెను.

ఆ బండి నార్టను సంస్థవారి 500 సి.సి. పందెపు మోటారు సైకిలు. పందెపు స్థలము సర్రే మండలములోని బ్రూక్‌లాండ్సు. మోటారు పందెముల కొరకే కాంక్రీటుతో కట్టి 1907లో తెరచిన బాట అది. మలుపులలో గోడవలె ఏటవాలుగా లేచియుండును; కాలక్రమమున గతుకులు పడినందున వేగముగా పోవు బండి అచ్చటచ్చట గాలిలోనికి ఎగురుచుండెడిది. పందెములో ఆ బాటను గంటకు 100 మైళ్ళకు మించిన సగటు వేగముతో చుట్టివచ్చిన మోటారు సైకిలు సవారులకు బంగారు నక్షత్రమనెడి చిహ్నము నిచ్చెడివారు. 1934లో షిల్లింగు 106 మైళ్ళ వేగముతో, అనగా గంటకు సుమారు 171 కిలోమీటర్ల వేగముతో, చుట్టివచ్చి ఆ చిహ్నమును సంపాదించెను. వృత్తిరీత్యా పందెములు నడపు నోయెల్ పోప్ వంటి పురుషులను సైతము ఆమె ఓడించెను. బ్రూక్‌లాండ్సు చరిత్రలో ఈ నక్షత్రమును పొందిన స్త్రీలు మువ్వురే: ఫ్లోరెన్సు బ్లెంకిరన్, బియాట్రిస్ షిల్లింగు, తెరెసా వాలక్.

ఈ వేగము ధైర్యముచేత మాత్రమే వచ్చినది కాదు. ఇంజనును తన చేతితో మార్చి, దాని ఊపిరి తీరును చెవితో విని, మరల విప్పి సరిదిద్దిన శ్రమ ఫలమది. జార్జి నేలరు అను ఇంజనీరు ఆమెను ప్రేమించెను. అతడును బంగారు నక్షత్రమును గెలిచినగాని పెండ్లికి సమ్మతింపనని ఆమె షరతు పెట్టెనని చెప్పుకొందురు. కథ యెంతవరకు నిజమైనను, అతడు ఆ నక్షత్రమును గెలుచుటయు, 1938లో వారి వివాహము జరుగుటయు వాస్తవములే. మన పురాణములలో వీర్యశుల్కగా వరుని కోరిన రాకుమార్తెలు తెలిసిన మనకు ఈ షరతు వింతగా తోపకపోవచ్చును.

1936లో షిల్లింగు ఫార్న్‌బరోలోని రాయల్ ఎయిర్‌క్రాఫ్టు ఎస్టాబ్లిష్‌మెంటు అను ప్రభుత్వ విమాన పరిశోధనాలయమున ఉద్యోగిగా చేరెను. మొదట ఇచ్చిన పని సాంకేతిక విషయములను వ్రాసిపెట్టు లేఖకురాలి పని. కాగితములతో కాలము గడపుట ఆమెకు రుచింపలేదు. కొలది కాలమునకే ఇంజనుల విభాగమునకు మారెను. 1939 నవంబరు నాటికి కార్బురేటర్ల పరిశోధనకు ఆమెయే బాధ్యురాలయ్యెను. అప్పటికి రెండవ ప్రపంచ యుద్ధము ఆరంభమై రెండు నెలలైనది.

1940లో బ్రిటను ఆకాశమున జర్మను విమానములకును బ్రిటిషు విమానములకును ఘోర సంగ్రామము జరిగెను. బ్రిటిషువారి స్పిట్‌ఫైరు, హరికేను విమానములలో రోల్సు రాయిసు వారి మెర్లిన్ ఇంజను ఉండెను. అది చక్కని ఇంజనే. కాని దానికి ఫ్లోటు గిన్నె గల కార్బురేటరు ఉండెను. జర్మనుల మెస్సర్‌ష్మిట్ విమానపు ఇంజనులో ఇంధనమును సిలిండరులోనికే సూటిగా చిమ్ము ఏర్పాటుండెను. అందుచే వెన్నంటి తరుమబడుచున్న జర్మను పైలటు తన విమానపు ముక్కును చటుక్కున క్రిందికి వంచి దూకెడివాడు. బ్రిటిషు పైలటు అట్లే దూకినచో అతని ఇంజను తుమ్మి, తడబడి, కొన్ని క్షణములు ఆగెడిది. ఆ క్షణములలో శత్రువు తప్పించుకొనును. లేదా తిరిగి వచ్చి చంపును. విమానమును మొదట వెల్లకిల త్రిప్పి ఆ పిమ్మట దూకుట పైలట్లు కనిపెట్టిన ఉపాయము. కాని అందువలన సమయము వృథా యగుచుండెను.

కారణము మనము ముందు చెప్పుకొన్నదే. విమానము ముక్కు వంచి వేగముగా దూకునప్పుడు గిన్నెలోని ఇంధనము పైకప్పునకు ఎగబ్రాకును. అడుగున నుండు రంధ్రములకు ఇంధనము అందక ఇంజను ఒక్క క్షణము దప్పిగొనును. ఇది మొదటి దెబ్బ. రెండవది ఇంతకంటె కీడు. తలక్రిందులైన ఫ్లోటు గిన్నె ఖాళీయైనదని భ్రమింపజేయగా, ఇంధనము వచ్చు ద్వారము పూర్తిగా తెరచుకొనును. పంపు బలముగా నెట్టిన ఇంధనమంతయు గిన్నెలోనికి వరదవలె వచ్చిపడును. ఇంజను మునిగి, నల్లని పొగ క్రక్కి, ఆగిపోవును. మొదటి దెబ్బనుండి ఇంజను వెంటనే తేరుకొనును. రెండవ దెబ్బనుండి తేరుకొనుట కష్టము.

కార్బురేటరునే మార్చివేయుట సరియైన చికిత్స. కాని అందుకు నెలలు గాదు, ఏండ్లు పట్టును. పైలట్లు దినదినమును మరణించుచుండిరి. షిల్లింగు తన లెక్కను వేరుగా వేసెను. ఇంజను తన పూర్ణశక్తితో పనిచేయునప్పుడు ఎంత ఇంధనము త్రాగును? సరిగా అంతకు మించి రాకుండ దారిని ఇరుకు చేసినచో వరద రాదు. పంపునకును కార్బురేటరునకును నడుమ గొట్టములో లెక్క ప్రకారము తొలిచిన రంధ్రముగల చిన్న ఇత్తడి ముక్క నొకదానిని ఆమె అమర్చెను. మొదట అది దర్జీవాని అంగుష్ఠానమువలె ఉండెను; తరువాత చదునైన బిళ్ళగా మారెను. యుద్ధకాలమున మన దేశమున చెలామణియైన చిల్లుకాణీని చూచినవారు దానిని ఊహించుకొనగలరు. రంధ్రము ఏ మాత్రము పెద్దదైనను వరద ఆగదు. ఏ మాత్రము చిన్నదైనను పైకెక్కునప్పుడు ఇంజనునకు శక్తి చాలదు. ఆ కొలతలోనే విద్య అంతయు నున్నది.

ఆ బిళ్ళను బిగించుటకు విమానమును కర్మాగారమునకు పంపనక్కరలేదు. విమానాశ్రయముననే, కాపలాలోనున్న విమానమునకే బిగింపవచ్చును. 1941 మార్చి నాటికి షిల్లింగు కొలదిమంది సహాయకులతో యుద్ధ విమానస్థావరములకు బయలుదేరి, ఊరూరను తిరిగి ఈ బిళ్ళలను బిగింపించెను. ఈ ప్రయాణములలో ఆమె వాహనము తన పాత నార్టను మోటారు సైకిలే. బ్రూక్‌లాండ్సు బాటపై వేగమునకై పరుగెత్తిన బండి అట్లు దేశరక్షణకై ఊళ్ళు తిరిగినది. ఆమె పేరు ఒక నాణెము పేరు కూడ నగుటచేత పైలట్లు ఆ రంధ్రపు బిళ్ళకు కొంత చతురతతో ఆమె పేరే పెట్టి పిలిచిరి. హాస్యమున మోటుదనము కొంత యున్నను దానిలో కృతజ్ఞతయు నిండియున్నది.

ఈ బిళ్ళ రోగమును పూర్తిగా కుదుర్చలేదను మాట దాచనక్కరలేదు. మొదటి దెబ్బ, అనగా క్షణకాలపు దప్పిక, అట్లే మిగిలినది. ఇంజను మునిగి ఆగుట మాత్రము తప్పినది. పూర్తి చికిత్సయగు ఒత్తిడి కార్బురేటరు 1943లో వచ్చినది. ఆ లోపల ఈ చిన్న బిళ్ళయే పైలట్ల ప్రాణములను కాచినది. పరిపూర్ణమైన పరిష్కారము వచ్చువరకు చేతులు ముడుచుకొని కూర్చుండక, నేడు చేయదగినదానిని నేడే చేయుటయందు ఆమె గొప్పతనమున్నది.

యుద్ధానంతరము ప్రభుత్వము ఆమెకు ఓ.బి.ఇ. బిరుదము నిచ్చి గౌరవించెను. ఆమె పరిశోధనాలయముననే కొనసాగి, తడిసిన రన్‌వేపై దిగు విమానములు బ్రేకులు పట్టక జారుటకు కారణములు వెదకుట మొదలగు అనేక కార్యములలో పాల్గొనెను. ఆ కార్యములలో నొకటి బ్లూ స్ట్రీక్ రాకెట్టు పథకము. 1955 ప్రాంతమున బ్రిటను ఆరంభించిన ఈ రాకెట్టు కిరోసిను, ద్రవ ఆక్సిజనులతో పనిచేయునది. దాని ఇంజనులను నిర్మించినది మెర్లిన్‌ను నిర్మించిన రోల్సు రాయిసు సంస్థయే. అణ్వాయుధమును మోయుటకై తలపెట్టిన ఆ పథకమును 1960 ఏప్రిలులో ప్రభుత్వము విరమించెను. పిమ్మట ఐరోపా దేశములు కలిసి ఉపగ్రహములను పంపుటకై చేసిన యూరోపా రాకెట్టునకు బ్లూ స్ట్రీక్ మొదటి అంచె యయ్యెను.

1964 జూను 5వ తేదీన ఆస్ట్రేలియాలోని వూమెరా నుండి బ్లూ స్ట్రీక్ మొదటిసారి ఎగిరెను. ప్రయాణము చాల భాగము చక్కగా సాగినది. కాని టాంకీలలోని ఇంధనము తరుగుచుండగా మిగిలిన ద్రవము అటునిటు ఊగుట ఆరంభించి, చివరి క్షణములలో రాకెట్టు తూలినది; ఇంజను కొన్ని సెకనులు ముందుగానే ఆగినది. స్పిట్‌ఫైరు కార్బురేటరు గిన్నెలో అరచేతి యంత ఇంధనము చేసిన అల్లరినే ఇచ్చట టన్నులకొలది ఇంధనము చేసినది. కొలత మారినది గాని కథ మారలేదు. అటు పిమ్మట బ్లూ స్ట్రీక్ పలుమార్లు ఎగిరెను. ఫ్రెంచి గయానాలోని కౌరూ నుండి 1971 నవంబరు 5న జరిగినది దాని తుది ప్రయాణము.

అందుకు ఒక నెల ముందు, 1971 అక్టోబరు 9వ తేదీన, మన ఆంధ్రదేశపు తీరమున శ్రీహరికోట నుండి రోహిణి-125 అను చిన్న రాకెట్టు మొదటిసారి లేచినది. బ్రిటను రాకెట్ల శకము ముగియుచున్న ఋతువుననే మన తీరమున రాకెట్ల శకము మొదలైనది. ద్రవ ఇంధనపు ఇంజను విద్యను మనవారు ఫ్రాన్సు దేశమునకు పోయి నేర్చిరి. 1974లో కుదిరిన ఒప్పందము ప్రకారము మన ఇంజనీర్లు అచ్చటి వైకింగు ఇంజను పనిలో పాల్గొని, ఆ విద్యతో వికాస్ ఇంజనును నిర్మించిరి. ఫ్రెంచివారితో తరతరముల పరిచయముగల పుదుచ్చేరి వాసులకు ఈ సంగతి ఆసక్తికరము.

ఇంధనమును మంటకు అందించు సమస్య ఎంత సూక్ష్మమైనదో శ్రీహరికోట చరిత్రయే చెప్పుచున్నది. 2010 ఏప్రిలు 15న మన దేశమున నిర్మించిన క్రయోజెనిక్ ఇంజనుతో జి.ఎస్.ఎల్.వి. రాకెట్టు లేచినది. మొదటి రెండంచెలు సరిగా పనిచేసినవి. మూడవ అంచెలో మంట అంటుకొన్నది. కాని ద్రవ హైడ్రోజనును నెట్టవలసిన చిన్న పంపు ఆగినందున ఇంధనము అందక, రాకెట్టు సముద్రమున పడినది. ఎన్నో యేండ్ల శ్రమ ఒక పంపువద్ద ఆగిపోయినది. మనవారు నిరుత్సాహపడక లోపమును వెదకి సరిచేసిరి. 2014 జనవరి 5న అట్టి ఇంజనే జయప్రదముగా పనిచేసినది. భారరహితమైన ఆకాశమున ఇంజనును మరల వెలిగింపవలసినప్పుడు, ముందుగా చిన్న చిన్న ఇంజనులను వెలిగించి రాకెట్టును కొంచెము ముందుకు నెట్టుదురు. తేలియాడు ద్రవము టాంకీ అడుగునకు చేరుకొనుటకే ఈ ఏర్పాటు. ఈ ఏర్పాటును చదివినప్పుడు షిల్లింగు బిళ్ళ మనకు జ్ఞప్తికి రాక మానదు.

ఇక ఆమె ఉద్యోగ జీవితమును గూర్చి మనవంటి ప్రభుత్వోద్యోగులు గమనింపవలసిన అంశము లున్నవి. ఆ దినములలో బ్రిటిషు ప్రభుత్వోద్యోగములలో పెండ్లియైన స్త్రీ ఉద్యోగము విడువవలెననునది సాధారణ నియమము. 1946లోగాని అది రద్దు కాలేదు. షిల్లింగు 1938లో వివాహమైన పిమ్మటను తన పనిలో నిలిచెను. ఆమె ప్రతిభ అందరికిని తెలిసినదే యైనను పరిశోధనాలయపు అత్యున్నత పదవులు ఆమెకు దక్కలేదు. ఆమె పైవారి మెప్పుకై మాట మార్చు స్వభావము గలది కాదు. కాగితముపై గీతలు గీచి పంపుటకంటె స్వయముగా పనిబల్లవద్ద నిలిచి లోహమును అతుకుటయందే ఆమెకు ప్రీతి. మన దేశమున కూడ విదేశాంగ సేవలోని స్త్రీలు పెండ్లికి ముందు ప్రభుత్వానుమతి పొందవలెనను నిబంధన యుండెడిది. సి. బి. ముత్తమ్మగారు తెచ్చిన వ్యాజ్యమున 1979లో సుప్రీము కోర్టు అట్టి వివక్షను తీవ్రముగా ఖండించినది.

ఈ సందర్భమున మన తెలుగు ఆడపడుచును ఒకరిని స్మరింపకుండుట న్యాయము కాదు. అయ్యలసోమయాజుల లలితగారు 1919లో మదరాసున తెలుగు కుటుంబమున జన్మించిరి. పదునెనిమిదవ యేటనే చంటిబిడ్డతో వైధవ్యమును పొందిరి. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యులు. తండ్రి ప్రోత్సాహముతో ఆమె 1940లో ఆ కళాశాలలో చేరి, విద్యుత్ ఇంజనీరింగున పట్టము పొంది, మన దేశపు తొలి మహిళా ఇంజనీర్లలో నొకరైరి. సిమ్లాలోని కేంద్ర ప్రభుత్వ ప్రమాణముల సంస్థలో కొంతకాలము ఉద్యోగము చేసిరి; పిమ్మట కలకత్తాలో ఒక విద్యుత్ సంస్థయందు పనిచేయుచు భాక్రా నంగల్ పథకమునకు సంబంధించిన పనిలో పాల్గొనిరి. 1964లో న్యూయార్కున జరిగిన స్త్రీ ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల మొదటి అంతర్జాతీయ మహాసభకు హాజరైరి. 1965లో వారు సభ్యురాలైన లండను సంఘము షిల్లింగు సభ్యురాలైన సంఘమే. మాంసవర్తకుని కుమార్తెకు ఒక పార్ట్రిడ్జి దొరికినట్లు, వితంతువైన తెలుగు బాలికకు ఒక తండ్రి దొరికెను. అట్టివారు దొరకని బాలికల మాట ఏమను ప్రశ్న మన మనసును కలచివేయక మానదు.

షిల్లింగు 1969లో పదవీ విరమణ చేసెను. ఆ సంవత్సరమే సర్రే విశ్వవిద్యాలయము ఆమెకు గౌరవ డాక్టరు పట్టము నిచ్చినది. వేగముపై మక్కువ మాత్రము ఆమెను విడువలేదు. యుద్ధానంతరము దంపతులిరువురును కార్ల పందెములలో పాల్గొనిరి. ఇంటివద్ద యంత్రములు విప్పని దినము అరుదు. 1967లో అమెరికా దేశపు ప్రఖ్యాత పందెగాడు డాన్ గర్నీ తన పందెపు కారు అతిగా వేడెక్కుచుండగా ఆమె సలహా కోరెను. అప్పటికి ఆమె వయసు ఏబది యెనిమిది. 1990 నవంబరు 18వ తేదీన ఆమె కాలధర్మము నొందెను. ఆమె పందెపు చిహ్నములను, పతకములను 2015లో బ్రూక్‌లాండ్సు ప్రదర్శనశాలవారు కొని భద్రపరచిరి. ఫార్న్‌బరోలో ఒక భోజనశాలకు ఆమె ముద్దుపేరు పెట్టుకొనిరి.

ఆమె ఏ సిద్ధాంతమును కనిపెట్టలేదు. పెద్ద గ్రంథము వ్రాయలేదు. ఏ శాఖకును అధిపతి కాలేదు. ఇతరులు నిర్మించిన ఇంజనులో ఒక గొట్టమునకు తగిన రంధ్రపు కొలతను నిర్ణయించి, దానిని తగిన సమయమున, తగిన చోటికి తానే తీసికొనిపోయెను. మన కార్యాలయములలో మనము చేయు పనులలో అనేకము ఇట్టి చిన్న బిళ్ళలే. ఒక పింఛను కాగితము, ఒక మందుల జాబితా, ఒక లెక్క సవరణ సకాలమున సరిగా సాగినచో ఎవరి ఇంటనో దీపము ఆరకుండును. ఆలస్యమైనచో పిదప వచ్చు పరిపూర్ణత ఎవరికిని అక్కరకు రాదు.

మన సంఘ సభ్యుల ఇండ్లలో మోటారు సైకిలు విప్పి చేతులు నూనె చేసికొను బాలురు ఉన్నారు. రాకెట్ల బొమ్మలు గోడకు అంటించుకొను బాలికలు ఉన్నారు. ఈ రెండును వేరు వేరు సరదాలని తలచి ఒకరిని మందలించి, మరొకరిని మురిపించుట తగదు. ఫ్లోటు గిన్నె మూత తీసి పెట్రోలు మట్టమును చూపగల తండ్రి తన బిడ్డకు రాకెట్టు విద్యలో మొదటి పాఠమును చెప్పినట్లే. బాలిక స్పానరు అడిగినచో ఇయ్యవలెను. ఏ కొలత కావలెనో అడిగి మరీ ఇయ్యవలెను.